చెక్కిన మాట

'ఇన్‌స్క్రైబ్' అనే ఇంగ్లీషు క్రియకు అర్థమేమిటని అడిగితే మన పిల్లలు తడుముకోకుండా "వ్రాయడం" అంటారు. తప్పనలేము గాని, అది సగం అర్థమే.

మాట లాటినుది. 'ఇన్' అంటే లోపల, పైన. 'స్క్రీబెరె' అంటే వ్రాయడం. ఆ స్క్రీబెరెకు మూలార్థం గీకడం. ఇంగ్లీషు 'రైట్'కూ, సంస్కృతంలోని 'లిఖ్' ధాతువుకూ తొలి అర్థం ఇంచుమించు అదే. అంతెందుకు, తాటాకు మీద గంటంతో మన పెద్దలు చేసినదీ గీరడమే గదా! మసి పూయడం ఆ తరువాతి పని.

స్క్రీబెరె సంతానం మన ఇళ్ళలోనే తిరుగుతున్నది. డాక్టరుగారి ప్రిస్క్రిప్షన్ 'ముందుగా వ్రాసినది'. పత్రికకు చందా కట్టే సబ్‌స్క్రైబర్ 'క్రింద వ్రాసినవాడు', అంటే అడుగున సంతకం పెట్టినవాడు. ఇన్‌స్క్రైబ్ మాత్రం లోపలికి దిగేటట్లు వ్రాయడం. త్రిభుజంలో ఇమిడేటట్లు వృత్తం గీయడానికి లెక్కల మాస్టారు వాడే మాటా ఇదే.

అయితే, ఈ క్రియను కళ్ళారా చూడాలంటే నిఘంటువు తెరవడం కంటే ప్రొద్దుటూరు బస్సెక్కడం మేలంటాను. ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల సీమలు ఒకప్పటి రేనాడు. అంతకు ముందు రాజశాసనాలు ఎక్కువగా ప్రాకృతంలో, సంస్కృతంలో ఉండేవి. రేనాటి చోళులు జనం మాటను రాతికెక్కించారు. ఎర్రగుంట్ల దగ్గరి కలమళ్ళలో దొరికిన ధనంజయుని శాసనం సుమారు 575 నాటిదనీ, ఇంతవరకు దొరికిన తెలుగు శాసనాలలో మొదటిదనీ పండితుల నిర్ణయం. పేరు తెలియని ఒక శిల్పి ఉలిదెబ్బ పుణ్యమా అని, మన భాష వయస్సు చెప్పుకోగలుగుతున్నాము.

జమ్మలమడుగు దాటి కొంచెం వెళితే గండికోట. పాత కోటలలో, గుళ్ళలో నేను తిరిగినంతలో, మేకుతో పేర్లు గీకని గోడ అరుదు. వ్యాకరణం ప్రకారం అదీ ఇన్‌స్క్రైబే! గండికోట వంటి రక్షిత కట్టడాన్ని పాడుచేస్తే, 2010లో సవరించిన 1958 నాటి చట్టం క్రింద రెండేళ్ళ దాకా జైలు, లక్ష రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ పడవచ్చు. అయినా, భయం జైలు గురించి కాదు. కాగితం మీది మాటను చింపేయవచ్చు. రాతిలో దిగినది మన మనుమలు కూడా చదువుతారు. ఏమి చదవాలో మనమే నిర్ణయిస్తున్నాము.

ఈ సెలవులకు పిల్లలను ఆ వైపు తీసుకువెళ్ళండి. మేకు మాత్రం ఇంటి దగ్గరే వదిలి వెళ్ళండి.