చెయ్యి కుట్టే డాక్టరుకీ గిట్టుబాటు కావాలి

గౌరవనీయులైన ముఖ్యమంత్రి గారికి, వైద్య ఆరోగ్య శాఖ మంత్రి గారికి, మా అనకాపల్లి ఎంపీ గారికి, చోడవరం ఎమ్మెల్యే గారికి,

చోడవరం నుంచి ఒక చెరకు రైతు రాసుకునేది.

చోడవరం అన్న పేరు చూడగానే రోడ్డు గురించి అనుకుంటారేమో. భీమునిపట్నం-నర్సీపట్నం (బీఎన్) రోడ్డు గుంతల మీద మావాళ్లు పెట్టిన అర్జీలు మీ దగ్గర ఇప్పటికే కట్టలు కట్టి ఉంటాయి. ఇది వేరే సంగతి. ప్లాస్టిక్ సర్జన్ల పని గురించి, వాళ్ల సంపాదన గురించి. చెరకు పండించుకునేవాడికి ఆ డాక్టర్ల సంపాదనతో పనేమిటని నవ్వుకుంటారు. పనుంది కాబట్టే రాస్తున్నాను.

సంక్రాంతికి ముందు నుంచి ఉగాది దాకా మా వైపు బెల్లం గానుగలు ఆడతాయి. ఎద్దు గానుగలు ఎప్పుడో పోయాయి. ఇప్పుడన్నీ మోటారో డీజిలింజనో పెట్టిన క్రషర్లే. తెల్లవారకుండానే పని మొదలవుతుంది. చెరకు పెట్టేవాడు రోలర్లకు జానెడు దూరంలో కూర్చుంటాడు. గెడ అడ్డం తిరిగితే చేత్తోనే లోపలికి తోస్తాడు. కళ్ల మీద నిద్ర, బయట మంచు, రసంతో తడిసి వేలాడే చొక్కా చెయ్యి. రోలరు వేలి కొస అందుకుందంటే అవతలివాడు పరిగెత్తి ఇంజను ఆపేలోగా అరచెయ్యి లోపలుంటుంది. ఇక పొయ్యి దగ్గర ప్రమాదం ఇంకో రకం. పెనం దించే వేళకి పాకం 118 డిగ్రీల దగ్గర ఉంటుంది. మరిగే నీళ్లు మీద పడితే జారిపోతాయి. పాకం జారదు. పట్టుకుని, అక్కడే గట్టిపడుతుంది. కంగారులో లాగితే చర్మంతో సహా వస్తుంది. అందరం ఇష్టంగా తినే అనకాపల్లి బెల్లం వెనక ఈ చేతులున్నాయి.

అలా నలిగిన చేతిని, కాలిన మెడను మళ్లీ పనికొచ్చేలా చేసే డాక్టరే ప్లాస్టిక్ సర్జను. సినిమా తారల ముక్కులు సరిచేసేవాడని మనలో చాలామంది అనుకుంటారు. ఆ పనీ వాళ్లదే. కానీ వాళ్ల చదువులో పెద్ద భాగం కాలిన ఒళ్లు, తెగిన వేళ్లు, గ్రహణం మొర్రి, క్యాన్సరుకు దవడ తీసేసిన ముఖం, మానని పుండ్లు. తెగిన వేలిని అతకాలంటే మైక్రోస్కోపు కింద మిల్లీమీటరు లావుండే రక్తనాళాన్ని వెంట్రుక కంటే సన్నటి దారంతో కుట్టాలి. ఒక్క వేలికే గంటలు పడుతుంది, నాలుగు వేళ్లయితే రాత్రంతా. అంతటితో అయిపోదు. తర్వాత కొన్ని రోజులు గంట గంటకీ వేలి రంగు చూస్తుండాలి. నల్లబడితే అర్ధరాత్రయినా మళ్లీ థియేటరుకు తీసుకెళ్లాలి. నెత్తురు వెనక్కి మళ్లక వేలు ఉబ్బితే కొన్నిసార్లు జలగలు పట్టిస్తారు. మన తాతల వైద్యాన్ని ఈ కాలపు మైక్రోసర్జరీ వదిలిపెట్టలేదని తెలిసినప్పుడు నాకు భలే ముచ్చటేసింది.

ఈ పనికి గడువుంది. మణికట్టు దగ్గర తెగిన చెయ్యి చల్లబరచకుండా ఉంటే ఆరు గంటలు దాటాక ఆశ సన్నగిల్లుతుంది. వేలికి ఇంకొంచెం ఎక్కువ వ్యవధి ఉంటుంది, అదీ సరిగ్గా తెస్తే. శుభ్రమైన తడిగుడ్డలో చుట్టి, పాలిథిన్ కవరులో పెట్టి మూతికట్టి, ఆ కవరును ఐసులో పెట్టాలి. మావాళ్లలో కొందరు వేలిని నేరుగా ఐసుముక్కల్లో వేస్తారు, దాంతో అది పాడవుతుంది. కొందరు గానుగ దగ్గరే వదిలేసి మనిషిని మాత్రం బండెక్కిస్తారు. చోడవరంలో కట్టు కట్టి అనకాపల్లి పంపిస్తారు, అనకాపల్లి నుంచి విశాఖ కింగ్ జార్జ్ ఆసుపత్రికి, అంటే కేజీహెచ్‌కు. దాదాపు యాభై కిలోమీటర్ల దారి, రెండు చోట్ల చీటీలు, మధ్యలో మీకు తెలిసిన ఆ రోడ్డు. కేజీహెచ్ పుట్టి నూరేళ్లు దాటింది. శ్రీకాకుళం నుంచీ ఒడిశా కొండల నుంచీ కాలినవాళ్లూ తెగినవాళ్లూ అక్కడికే వస్తారు. అక్కడి డాక్టర్లను ఒక్క మాట అనను. అన్ని జిల్లాల బరువు ఒకే వార్డు మీద పెట్టిన ఏర్పాటు గురించే నా మాట.

2022 ఏప్రిల్ 4న అనకాపల్లి జిల్లా అయింది. మేమింకా నోటి అలవాటుకొద్దీ విశాఖ జిల్లా అనే అంటున్నాం. కలెక్టరు ఆఫీసు దగ్గరికొచ్చింది, ఎస్పీ ఆఫీసు వచ్చింది. కాలిన గాయాల డాక్టరు మాత్రం విశాఖలోనే ఉండిపోయారు. జిల్లా ఆసుపత్రి అంటే మామూలుగా జనరల్ సర్జను, ఎముకల డాక్టరు, పురుళ్ల డాక్టరు, పిల్లల డాక్టరు, మత్తు డాక్టరు. ప్లాస్టిక్ సర్జను మెడికల్ కాలేజీలున్న చోటే అన్న లెక్క ఎప్పటిదో. ఈ జిల్లాకు ఆ లెక్క ఎలా సరిపోతుంది? 2024 ఆగస్టు 21న అచ్యుతాపురం మందుల ఫ్యాక్టరీ పేలుడులో 17 మంది పోయారు. 2025 ఏప్రిల్ 13న కోటవురట్ల మండలం కైలాసపట్నంలో బాణసంచా తయారీ కేంద్రం పేలి 8 మంది పోయారు. ఒకవైపు పరవాడ, అచ్యుతాపురం రియాక్టర్లు, ఇంకోవైపు బాణసంచా, మధ్యలో మా గానుగలు. దేశం మొత్తం మీద ఏటా పది లక్షల మందికి పైగా ఒక మోస్తరు నుంచి తీవ్రంగా కాలిపోతున్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది. వాళ్లలో మా జిల్లా తన వంతుకు మించే ఇస్తోందని నా అనుమానం.

పేలుడు జరిగిన రోజు మీరంతా వస్తారు, పరిహారం ప్రకటిస్తారు. కాదనను. బతికి బయటపడ్డవాళ్ల సంగతి ఆరు నెలలు పోయాక చూడాలి. కాలిన చర్మం మానుతూ ముడుచుకుపోతుంది. గడ్డం వెళ్లి గుండెకు అంటుకుంటుంది, మోచెయ్యి చాపితే సాగదు, వేళ్లు గుప్పిట పడి తెరుచుకోవు. తొడ మీది చర్మం తీసి అతకాలి, బిగుతు బట్టలు నెలల తరబడి వెయ్యాలి, రోజూ వ్యాయామం చేయించాలి, ఏడాది తర్వాత మళ్లీ ఒక ఆపరేషను, ఇంకొన్నాళ్లకి ఇంకొకటి. పెరిగే పిల్లలకైతే ఒళ్లు పెరిగినకొద్దీ కొత్త చిక్కులు. ప్రాణం నిలిపే మొదటి పదిహేను రోజుల ఖర్చు గురించే మన పథకాలు ఎక్కువగా ఆలోచిస్తాయి. మనిషిని మళ్లీ పనిలోకి పంపే మిగతా రెండు మూడేళ్ల పని ఎవరి ఖాతాలో రాయాలో తేల్చరు.

ఇప్పుడు డాక్టరు వైపు నుంచి చూద్దాం. ఎంబీబీఎస్ ఐదున్నరేళ్లు, జనరల్ సర్జరీలో ఎంఎస్ మూడేళ్లు, ఆపైన ప్లాస్టిక్ సర్జరీలో ఎంసీహెచ్ మూడేళ్లు. ఎక్కడా తప్పకుండా, ఒక్క ఏడాదీ ప్రవేశ పరీక్షలకు పోకుండా చదివినా ముప్పయ్యో ఏడు వస్తుంది. తోటివాళ్లు ఇంజనీరింగు చదివి బెంగళూరులో ఫ్లాటు వాయిదాలు సగం కట్టేసి ఉంటారు. బయటికొచ్చాక దారులు రెండు మూడే. ప్రభుత్వ మెడికల్ కాలేజీలో అసిస్టెంట్ ప్రొఫెసరు కావచ్చు. అక్కడ పన్నెండు గంటలు నిలబడి తెగిన చెయ్యి కుట్టినా నెల జీతమే. లేదంటే సొంత క్లినిక్ లేకుండా నగరంలో నాలుగైదు ప్రైవేటు ఆసుపత్రుల మధ్య తిరగవచ్చు. యాక్సిడెంటు కేసు వస్తే ఫోను చేస్తారు, వెళ్లి కుట్టి వస్తాడు. పేషెంటు ప్రభుత్వ పథకం కార్డు మీద వచ్చినవాడైతే ఆసుపత్రికి ప్యాకేజీ డబ్బు పడ్డాకే సర్జను వాటా. ఆ డబ్బు ఎప్పుడు పడుతుందో మీకు నేను చెప్పాలా? 2025 అక్టోబరులో బకాయిలు తీర్చమంటూ నెట్‌వర్క్ ఆసుపత్రులు రాష్ట్రమంతటా సేవలు ఆపేశాయి. 2007లో ఆరోగ్యశ్రీగా మొదలై ఇప్పుడు ఎన్టీఆర్ వైద్య సేవగా నడుస్తున్న పథకానికి పేర్లు మారాయి, బకాయి మాత్రం మారలేదు. అందులో ఏ పార్టీని ప్రత్యేకించి తిట్టాలన్నా నాకు వీలు దొరకడం లేదు.

మూడో దారి బట్టతల మీద జుట్టు నాటడం, పొట్ట కొవ్వు తీయడం, ముక్కు చెక్కడం. పగటి పని, ముందే తారీఖు ఖాయం చేసుకున్న పని, డబ్బు ముందే చేతికొచ్చే పని. అర్ధరాత్రి ఫోను మోగదు. పేషెంటు చనిపోతే చుట్టాలొచ్చి అద్దాలు పగలగొట్టే భయం తక్కువ. అమెరికాలో 2023 నాటి మెడ్‌స్కేప్ సర్వేలో అన్ని స్పెషాలిటీల కంటే ఎక్కువ సంపాదించినవాళ్లు ప్లాస్టిక్ సర్జన్లే, సగటున ఏడాదికి 6,19,000 డాలర్లు. ఆ అంకె చూసి ఇక్కడ అందరూ కోటీశ్వరులనుకుంటారు. మన దగ్గర పెద్ద సంపాదన నగరాల్లోని అందం వ్యాపారంలో ఉంది, కాలిన వార్డులో లేదు.

దీన్ని డాక్టర్ల అత్యాశ అని తేల్చేయకండి. మా పొలాల్లో జరిగిందే అక్కడా జరిగింది. చక్కెర ఫ్యాక్టరీకి తోలిన చెరకుకు డబ్బు ఏడాదికీ రాకపోతే మా రైతులు తోట పీకేసి సరుగుడు వేశారు. చెరకు మీద ప్రేమ పోయి కాదు, గిట్టక. వేళ్లు కుట్టే పని గిట్టకపోతే సర్జను జుట్టు నాటుకుంటాడు.

అందం పనికీ గాయం పనికీ ఉన్న తేడా ప్రభుత్వానికి తెలియదని కూడా అనలేను. 2017లో జీఎస్టీ తెచ్చినప్పుడు వైద్యానికి పన్ను మినహాయించి, అందం కోసం చేసే ప్లాస్టిక్ సర్జరీకీ జుట్టు నాటడానికీ మాత్రం పన్ను వేశారు. పుట్టుకతో వచ్చిన లోపం, ప్రమాదం, గాయం వల్ల పోయిన అవయవాన్ని సరిచేసే సర్జరీకి పన్ను లేదని అందులోనే రాశారు. అంటే గీత గీయడం వచ్చు. వసూలు చేయడానికి గీసిన ఆ గీతనే చెల్లించడానికి కూడా వాడమంటున్నాను.

ఇంకో సంగతి, ఈ వైద్యం చరిత్ర గురించి. మా చోడవరంలో స్వయంభూ విఘ్నేశ్వరుడున్నాడు. 2014లో ప్రధానమంత్రి గారు ముంబయిలో ఒక ఆసుపత్రి సభలో మాట్లాడుతూ, ఏనుగు తలను మనిషి ఒంటికి అతికిన ప్లాస్టిక్ సర్జను ఆ రోజుల్లోనే ఉండి ఉంటాడన్నారు. దాని మీద జరిగిన వాదులాటలోకి నేను పోను. మా స్వామికి ఆ డాక్టరెవరో ఫీజెంత తీసుకున్నాడో పురాణం చెప్పలేదు. రుజువున్న చరిత్ర చూస్తే, ముక్కు తెగినవాడికి చెంప చర్మంతో ముక్కు చేసే విధానం సుశ్రుతుడు రాశాడు. మైసూరు యుద్ధాల్లో ముక్కు కోల్పోయిన కొవాస్జీ అనే బండి తోలేవాడికి మన దేశీయ వైద్యుడొకడు నుదుటి చర్మంతో ముక్కు అతికిన కథ 1794లో లండన్ పత్రికలో అచ్చయింది. దాన్ని చూసే ఇంగ్లండులో ఆ ఆపరేషను మొదలుపెట్టారు. మొదటి ప్రపంచయుద్ధంలో ముఖాలు ఛిద్రమైన సైనికుల కోసం హెరాల్డ్ గిల్లీస్ అనే సర్జను ఒత్తిడి చేస్తే 1917లో ఇంగ్లండులోని సిడ్‌కప్‌లో ప్రత్యేక ఆసుపత్రే కట్టించారు. అయిదు వేల మందికి పైగా సైనికులకు అక్కడ ఆపరేషన్లు చేశారు. ఈ కాలపు ప్లాస్టిక్ సర్జరీ సర్కారు అవసరం కోసం పెరిగింది. యుద్ధం అయిపోయాక గిల్లీస్ కూడా ప్రైవేటు ప్రాక్టీసులోకే వెళ్లాడు.

మాకు యుద్ధం అయిపోలేదు. అందుకని అడుగుతున్నాను.

అనకాపల్లి జిల్లా ఆసుపత్రిలో కాలిన గాయాల వార్డుతో ప్లాస్టిక్ సర్జరీ విభాగం పెట్టండి. ఒక్క డాక్టరును వేసి చేతులు కడుక్కోవద్దు. ఒక్కడే ఉంటే ఏడాదంతా ప్రతి రాత్రీ అతనిదే డ్యూటీ, ఆరు నెలల్లో సెలవు పెట్టి పోతాడు. ఇద్దరైనా కావాలి, మత్తు డాక్టరు కావాలి, కట్లు కట్టడంలో చేయితిరిగిన నర్సులు కావాలి, ఫిజియోథెరపిస్టు తప్పకుండా కావాలి. రాత్రి కేసుకు వేరే భత్యం ఇవ్వండి. రాత్రి రెండింటికి లేచి వచ్చేవాడికీ పది నుంచి నాలుగు దాకా కూర్చునేవాడికీ ఒకే జీతం ఏ లెక్కన న్యాయం?

అచ్యుతాపురం, పరవాడ కంపెనీలు సామాజిక బాధ్యత నిధులతో మా ఊళ్లలో బస్ షెల్టర్లు కడుతున్నాయి, వాటి మీద తమ పేర్లు రాసుకుంటున్నాయి. రాసుకోనివ్వండి. అదే పేరు కాలిన గాయాల వార్డు గోడ మీద రాసుకోమనండి. చర్మ నిధి కూడా ఆ డబ్బుతోనే పెట్టొచ్చు. నేత్రదానంలాగే చనిపోయినవారి చర్మాన్నీ దానంగా తీసుకుని, గ్లిజరాల్‌లో ఏళ్ల తరబడి భద్రపరచవచ్చు. ఒళ్లంతా కాలినవాడికి సొంత చర్మం చాలనప్పుడు కొన్ని వారాలు అదే ప్రాణం కాస్తుంది.

విభాగం కట్టేదాకా ఆగక్కర్లేని పని ఒకటుంది. కేజీహెచ్ నుంచి ఒక ప్లాస్టిక్ సర్జను నెలకు రెండుసార్లు చోడవరం ప్రభుత్వ ఆసుపత్రికి వచ్చి కూర్చుంటే, పాత పేషెంట్లు కట్టు చూపించుకోవడానికి విశాఖ దాకా బస్సులు పట్టుకుని ఒకరోజు కూలి పోగొట్టుకోనక్కర్లేదు. చాలామంది మధ్యలో చికిత్స మానేసేది ఈ కూలి లెక్క వల్లే. ఆ డాక్టరుకు ప్రయాణ ఖర్చూ రోజు భత్యమూ ఆ నెలలోనే ఇవ్వండి.

వైద్య సేవ పథకాన్ని బీమా పద్ధతిలోకి తెస్తామని 2025లో మంత్రివర్గం నిర్ణయించింది కదా. ఆ కాగితాల్లో కాలినవారికి రెండో ఆపరేషను, మూడో ఆపరేషను, బిగుతు బట్టలు, ఫిజియోథెరపీ విడివిడిగా రాయించండి. సర్జను ఫీజును ఆసుపత్రి ఖాతాలో కలపకుండా నేరుగా అతని ఖాతాలో, ఇన్ని రోజుల్లోగా అని గడువు పెట్టి వేయించండి. గడువు దాటితే వడ్డీ. చెరకు బకాయి మీద రైతుకు చక్కెర ఫ్యాక్టరీలు కట్టవలసిన వడ్డీ కాగితం మీదే ఉండిపోయిందని మాకు తెలుసు, ఇదైనా కాగితం దిగాలి.

క్రషర్ల రోలర్లకు అడ్డుకట్టా, కూర్చున్న చోటి నుంచే మోటారు ఆపే మీటా పెట్టించడం వ్యవసాయ, విద్యుత్ శాఖల వాళ్లకు చిన్న పని. కనెక్షను ఇచ్చేటప్పుడు షరతు పెడితే సరిపోతుంది. మా గానుగల యజమానులు మొదట గొణుగుతారు, నేనూ గొణుగుతానేమో. అయినా పెట్టండి. 108 సిబ్బందికీ పీహెచ్‌సీ నర్సులకీ తెగిన వేలిని ఎలా తేవాలో నేర్పండి.

సంక్రాంతి సీజను మొదలయ్యేలోగా వీటిలో ఏది ముందు చేస్తారో, ఏ తారీఖు నాటికి చేస్తారో చోడవరం ఆసుపత్రి నోటీసు బోర్డు మీద పెట్టించండి. మేం అక్కడికే వచ్చి చూసుకుంటాం.

ఇట్లు,
చోడవరం చెరకు రైతు