బొమ్మ బాగుంది సరే, ప్యాకెట్ ఎక్కడ?

పాత సిగరెట్ కార్డుల గురించి ఎవరు చెప్పినా "ఎంత అందంగా ఉన్నాయో!" అనే మొదలుపెడతారు. అందంగానే ఉన్నాయి, నేను కాదనను. కానీ ఆ అందాన్ని ఏ పనికి వాడారో చెప్పకుండా కళ, కళ అని మురిసిపోతే నేను ఒప్పుకోను.

మొదట అది ఉత్త అట్టముక్క. పలచటి కాగితం ప్యాకెట్లో సిగరెట్లు నలిగిపోకుండా పెట్టేవారు. 1880ల్లో అమెరికాలో ఆలెన్ అండ్ గింటర్ లాంటి కంపెనీలు దానిమీద రంగుల బొమ్మలు అచ్చేశాయి. పక్షులు, జెండాలు, ఆటగాళ్లు. ఇంగ్లండులో విల్స్ కంపెనీ 1896లో క్రికెట్ ఆటగాళ్లని దించింది.

కిటుకు ఇక్కడే ఉంది. సెట్టుకి 50 కార్డులు అనుకోండి. ప్యాకెట్టుకి ఒకటే, ఏది వస్తుందో తెలీదు. 49 చేరాక ఆ ఒక్కదానికోసం ఎన్ని ప్యాకెట్లు కొనాలి? అయినా సిగరెట్ తాగే పెద్దాయనకి చిలక బొమ్మ ఎందుకండీ? ఇంగ్లండులో పిల్లలు దారినపోయే వాళ్లని కార్డులు అడిగి తీసుకునేవారు, వాటితో ఆడేవారు, మార్చుకునేవారు. నాన్న ఏ సిగరెట్ కొనాలో కొడుకుచేత చెప్పించే ఏర్పాటు అది! అక్కడ 16 ఏళ్లలోపు వాళ్లకి సిగరెట్లు అమ్మకూడదని 1908లోనే చట్టం వచ్చింది. కార్డులు మాత్రం ఆ తర్వాతా వచ్చాయి. చివరికి 1940లో వాటిని ఆపింది పిల్లలమీద దయ కాదు, యుద్ధకాలపు కాగితం కరువు.

"వాటివల్ల పిల్లలు పక్షుల పేర్లు నేర్చుకున్నారు కదా" అంటారు. నేర్చుకున్నారు. ఎలుకబోనులో పెట్టే వడ కూడా కమ్మగానే ఉంటుంది.

అమెరికాలో హోనస్ వాగ్నర్ అనే బేస్‌బాల్ ఆటగాడి కార్డు 2022లో 72.5 లక్షల డాలర్లకి అమ్ముడుపోయింది. ఆయన తన బొమ్మ వెయ్యొద్దన్నాడు, అందుకే అవి అంత తక్కువ. పిల్లలు పొగాకు కొంటారనే వద్దన్నాడని కొందరు, డబ్బు దగ్గర పేచీ అని కొందరు అంటారు. ధర అందరికీ తెలుసు. ఆ "వద్దు" ఎంతమందికి తెలుసు?

న్యూయార్క్ మెట్రోపాలిటన్ మ్యూజియంలో, బర్డిక్ అనే ఎలక్ట్రీషియన్ ఇచ్చిన 3 లక్షలకు పైగా కార్డులు, అచ్చు కాగితాలు ఉన్నాయి. ఉండనీండి, దాచాల్సినవే. కార్డు పక్కన ప్యాకెట్టు కూడా పెట్టమంటాను, అంతే.

మన దేశంలో ఇప్పుడు ప్యాకెట్టుమీద 85 శాతం జాగా హెచ్చరికదే, జబ్బు బొమ్మతో సహా. అప్పుడు రా రమ్మన్నదీ బొమ్మే, ఇప్పుడు వద్దనేదీ బొమ్మే. బొమ్మకి బలం లేదంటే ఎలా నమ్మాలి?

2003 చట్టం ప్రకారం బడికి 100 గజాల లోపల సిగరెట్లు అమ్మకూడదు. మా వీధి అంగడిలో ఆ పెట్టెలు చాక్లెట్ సీసాల పక్కనే ఉంటాయి. ఎవరి కంటి ఎత్తున పెట్టారో ఒకసారి వెళ్లి చూడండి.