ఇంజన్లో టకటక: ముందు చెవి, తర్వాతే స్పానర్

ప్రొడక్షన్లో సర్వర్ నెమ్మదించగానే లాగ్స్ చూడకుండా "ర్యామ్ పెంచేద్దాం" అనేవాణ్ణి చూసి మనందరం నవ్వుకుంటాం. అదే మనం, కారులో కొత్త శబ్దం ఏదైనా వినిపిస్తే, షెడ్డులో "బోరుకొచ్చింది సార్, ఇంజన్ దించాలి" అనగానే తలూపేస్తాం. ఆఫీసులో అన్నిటికీ రుజువు అడిగే మనం అక్కడ ఎందుకు అడగమో నాకైతే అర్థం కాదు.

ఈ టకటక బయటపడ్డానికి మన వైపు అసలైన చోటు అరకు ఘాట్. విశాఖ నుంచి సుమారు 115 కిలోమీటర్లు. శృంగవరపుకోట దాటాక ఎక్కుడు మొదలు. ఊళ్ళో ఏనాడూ నోరెత్తని కారు కూడా అనంతగిరి మలుపుల్లో గొంతు విప్పుతుంది. అయిదుగురు మనుషులు, డిక్కీ నిండా సామాను, ఏసీ, పైగా మూడో గేరు. తొక్కగానే కిణకిణ, టకటక. వెంటనే వెనకసీటు నిపుణులు "కొండమీద గాలి పల్చన కదండీ, అందుకే" అంటారు :)

ఇది తిరగేసిన తర్కం. అరకు ఎత్తు సుమారు 900 మీటర్లు. అక్కడ గాలి పీడనం సముద్రమట్టంతో పోలిస్తే పదో వంతు తక్కువ. టర్బో లేని పెట్రోలు ఇంజన్లో అంతమేరా సిలిండర్లో ఒత్తిడి తగ్గుతుంది కాబట్టి నాకింగ్ తగ్గాలి గానీ పెరగకూడదు. అసలు దోషి లోడు. బలం చాలట్లేదని ఇంకా తొక్కుతాం, గేరు మాత్రం దించం.

నాకింగ్ అంటే ఏంటంటే, ప్లగ్ వెలిగించిన మంట సిలిండర్లో ఓ పక్కనుంచి పాకుతూ రావాలి. అది చేరేలోపే చివర మిగిలిన మిశ్రమం వేడికీ ఒత్తిడికీ తనంతట తానే అంటుకుంటే వచ్చే మోత అన్నమాట. ఇప్పటి కార్లలో నాక్ సెన్సర్ దీన్ని పసిగట్టి స్పార్క్‌ని కాస్త వెనక్కి జరుపుతుంది.

కానీ ప్రతి టకటకా నాకింగ్ కాదు. బగ్‌కి ముందే పేరు పెట్టేస్తే ఇక వెతకడం ఆగిపోతుంది. అందుకే ముందు శబ్దాన్ని మళ్ళీ రప్పించండి. గేరు ఒకటి దించండి. మాయమైతే అది లోడు మీద వచ్చే నాకింగ్. గుంటల్లోనే వస్తే సస్పెన్షన్. హెయిర్‌పిన్ మలుపుల్లో స్టీరింగ్ తిప్పినప్పుడే టిక్కుటిక్కుమంటే యాక్సిల్ జాయింట్. పక్కన ఆపి న్యూట్రల్లో రేజ్ చేసినా వస్తోందా? అయితే ఇంజన్లోనే. సన్నటి టిక్‌టిక్ అయితే టాపెట్లు కావచ్చు.

లోతుగా దబ్‌దబ్‌మని కొడుతూ ఆయిల్ లైటు కూడా వెలిగిందా, ఇక పరీక్షలొద్దు. "అరకు ఇంకా పాతిక కిలోమీటర్లేగా" అని లాగొద్దు. ఇంజన్ వెంటనే ఆపేయండి. బేరింగులతో పోయేది క్రాంక్‌షాఫ్ట్ దాకా పోతుంది.

పాతకాలం మేస్త్రీలు స్క్రూడ్రైవర్ ఒక కొస ఇంజన్‌కీ, రెండోది చెవికీ ఆనించి వినేవారు. ఒక్కో ప్లగ్ వైరూ పీకి, ఏ సిలిండర్ ఆపితే మోత తగ్గుతుందో చూసేవారు. మనం కోడ్‌లో లైన్లు కామెంట్ చేస్తూ పోవడం లాంటిదే ఇది. ఏ కాలేజీలో నేర్చుకున్నారు చెప్పండి?

చరిత్రలోనూ ఇదే పాఠం. మొదట్లో అమెరికాలో ఈ మోతకి కెటరింగ్ చేసిన బ్యాటరీ ఇగ్నిషన్‌ని తిట్టారు. ఆయన దగ్గర పనిచేసే మిడ్‌గ్లీ పరికరం కట్టి కొలిచి, మోత స్పార్క్ తర్వాతే వస్తోందని తేల్చాడు. ఇంధనం ఎర్రగా ఉంటే వేడి పీల్చుకుంటుందేమోనని 1916లో అయోడిన్ కలిపితే మోత తగ్గింది! తర్వాత నిజం ఎర్రరంగులు కలిపితే ఏమీ జరగలేదు. పనిచేసింది రంగు కాదు, అయోడిన్. అక్కడిదాకా భేష్. 1921లో సీసం కలిపి మోత ఆపేశారు. దాంతో ప్రపంచం దశాబ్దాలపాటు విషం పీల్చింది. మన దేశమంతటా సీసం లేని పెట్రోలు 2000లో గానీ రాలేదు, చివరిగా అల్జీరియా 2021లో మానేసింది. లక్షణాన్ని నొక్కేసి టికెట్ క్లోజ్ చేస్తే ఖరీదు అలా ఉంటుంది.

ఇప్పుడేమో ఏ శబ్దం వచ్చినా E20 పెట్రోలు మీదకి తోసేస్తున్నారు. ఇథనాల్‌తో మైలేజీ తగ్గుతుంది, పాత కార్లలో రబ్బరు భాగాలకి ఇబ్బంది, ఇవి న్యాయమైన ఫిర్యాదులే. కానీ ఇథనాల్ ఆక్టేన్ పెంచుతుంది, అంటే నాకింగ్‌ని ఆపే వైపే ఉంటుంది. కోపం ఉండొచ్చు, కానీ తప్పుడు ఆరోపణతో అసలు కారణం దాక్కుంటుంది: పేరుకున్న కార్బన్, వేడెక్కిన ఇంజన్, పాడైన సెన్సర్.

నేననేది ఒక్కటే. షెడ్డుకి వెళ్ళేటప్పుడు "నాకింగ్" అన్న తీర్పుతో వెళ్ళకండి. ఏ గేరు, ఎంత స్పీడు, చల్లగా ఉన్నప్పుడా వేడెక్కాకా, ఎత్తు మీదా పల్లంలోనా, ఇవి రాసుకెళ్ళండి. వాళ్ళు ఇంజన్ దించాలంటే, "ఎలా తేల్చారండీ?" అని మర్యాదగా అడగండి. తెలిసినవాడు సంతోషంగా చూపిస్తాడు. విసుక్కుంటే, బండి ఇంకో షెడ్డుకి తీసుకెళ్ళండి.