వైరస్ ఒక్కటే.. రాత వేరెందుకు?

హెపటైటిస్-సి సోకిన ప్రతి పది మందిలో సుమారు ముగ్గురికి ఏ మందూ వాడకుండానే ఆరు నెలల్లో వైరస్ ఒంట్లోంచి పోతుంది. మిగతా ఏడుగురి కాలేయంలో తిష్ఠ వేస్తుంది. వీళ్లలోనూ కొందరికి ఇరవై ఏళ్లలో కాలేయం గట్టిపడి సిరోసిస్ వస్తే, ఎక్కువ మందికి ఆ జబ్బు ఉన్న ఊసే తెలియదు. ఎందుకీ తేడా? రేగొండలో అడిగినా, భూపాలపల్లిలో అడిగినా వినపడే జవాబులు రెండు.. తాగుడు, లేదంటే తలరాత. తాగుడు కాలేయాన్ని మరింత పాడుచేస్తుందన్నది నిజమే. రెండో జవాబులోనూ కొంత నిజముంది. కాకపోతే ఆ రాత నుదుటి మీద కాదు, జన్యువుల్లో ఉంది.

దీనికి గట్టి సాక్ష్యం ఐర్లండ్ నుంచి వచ్చింది. నెగెటివ్ గ్రూపు రక్తమున్న బాలింతలకు వేసే యాంటీ-డి ఇంజెక్షన్లు 1977-78లో అక్కడ హెపటైటిస్-సితో కలుషితమయ్యాయి. అందరూ ఆడవాళ్లే. అందరికీ సోకింది ఒకే చోటి నుంచి, దాదాపు ఒకే సమయంలో. సుమారు పదిహేడేళ్ల తర్వాత పరీక్షిస్తే, యాంటీబాడీలున్న 704 మందిలో 390 మంది రక్తంలోనే వైరస్ దొరికింది. మిగతావాళ్ల ఒళ్లు దాన్ని ఎప్పుడో తరిమేసింది. వైరస్ మిగిలినవాళ్లలోనూ సిరోసిస్ కనిపించింది నూటికి ఇద్దరిలోనే. ఈ మహిళల జన్యువులను పరిశీలించినప్పుడు, హెచ్‌ఎల్‌ఏ-బి27 ఉన్నవారు వైరస్‌ను వదిలించుకునే అవకాశం ఎక్కువని తేలింది. వెన్ను బిగుసుకుపోయే జబ్బుకు దారితీస్తుందని మనం తిట్టుకునే బి27 ఇదే!

అసలు కదలిక 2009లో వచ్చింది. 19వ క్రోమోజోమ్ మీద ఐఎల్28బి అనే జన్యువు దగ్గర ఒకే ఒక్క అక్షరం తేడా పరిశోధకుల కంటపడింది. తల్లి నుంచి ఒకటి, తండ్రి నుంచి ఒకటి చొప్పున రెండూ ‘సి’ అక్షరాలే వచ్చినవాళ్లలో ఇంటర్‌ఫెరాన్ చికిత్స దాదాపు రెండింతలు బాగా పనిచేసింది. మందు లేకుండా వైరస్ పోవటమూ వీళ్లలోనే ఎక్కువ. ఈ మంచి రూపం తూర్పు ఆసియా వాసుల్లో చాలా ఎక్కువ, ఆఫ్రికా సంతతిలో తక్కువ. మన దేశంలోనూ బాగానే కనిపిస్తుంది. ఇందులో ఒక విచిత్రముంది. రెండో రూపం ఉన్నవాళ్ల శరీరం అదనంగా ఇంకో ఇంటర్‌ఫెరాన్‌ను తయారుచేస్తుందని 2013లో బయటపడింది. అంటే ఆయుధం ఒకటి ఎక్కువున్నవాళ్లే ఓడిపోతున్నారన్నమాట.

అప్పట్లో ఈ జన్యు పరీక్షకు విలువ ఉండేది. ఏడాది పాటు వారం వారం ఇంజెక్షన్లు, జ్వరం, దిగులు.. ఇన్ని భరించినా ఫలితం దక్కుతుందో లేదో ముందే తెలిస్తే మంచిదేగా! 2013 చివర్లో సోఫోస్‌బువిర్ రావటంతో లెక్క మారిపోయింది. అమెరికాలో మాత్ర ఒక్కంటికి వెయ్యి డాలర్లు. దాన్ని మన హైదరాబాద్ కంపెనీలు నాట్కో, హెటెరో వంటివి చాలా తక్కువ ధరకు తెచ్చాయి. ఇలాంటి మాత్రలను కలిపి సాధారణంగా 12 వారాలు వాడితే నూటికి 95 మందికి పైగా నయమవుతుంది, జన్యువు ఏ రూపంలో ఉన్నా సరే. 2018 జులై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద పరీక్షలు, మందులు ఉచితం. కాబట్టి హెపటైటిస్-సి కోసం ఐఎల్28బి పరీక్ష చేయించుకోమని ఎవరైనా ప్యాకేజీ చూపిస్తే, ఆ డబ్బు దండగే.

అలాగని జన్యువుల కథ ముగిసిపోలేదు. దాని దెబ్బ తగిలేది ఇప్పుడు మరోచోట. వైరస్‌ను సొంతంగా వదిలించుకున్న మనిషి రక్తంలో కూడా యాంటీబాడీలు ఏళ్ల తరబడి ఉంటాయి. గల్ఫ్ మెడికల్‌లోనో, రక్తదానం చేసినప్పుడో ‘హెచ్‌సీవీ పాజిటివ్’ అని వచ్చేది ఈ యాంటీబాడీల వల్లే. ఆ ఒక్క కాగితంతో వీసా ఆగిపోతుంది, కుదిరిన పెళ్లి చెడుతుంది. నిజానికి ఆ మనిషికి జబ్బే ఉండకపోవచ్చు. తేల్చేది ఆర్‌ఎన్‌ఏ పరీక్ష. అందులో వైరస్ లేదని వస్తే మందూ అక్కర్లేదు, ఎవరికీ అంటదు. కొత్తగా సోకి ఉంటుందన్న అనుమానముంటే కొన్ని నెలలాగి మరోసారి చేయిస్తారు. యాంటీబాడీల కాగితం చూసి ఇంట్లో కంచం, గ్లాసు వేరుచేయటం అన్యాయం. అసలు వైరస్ ఉన్నా అది కంచాల ద్వారా రాదు.

పసరు మందు సంగతీ ఇంతే. హెపటైటిస్-సితో కామెర్లు కనపడేది కొద్దిమందిలోనే. చిత్రంగా, కామెర్లు వచ్చినవాళ్లలోనే వైరస్ తనంతట తాను పోవటం ఎక్కువ. జన్యువులు చేసిన పనికి పేరు మాత్రం పసరుకు వస్తోంది. దాన్ని నమ్మి ఆగిపోయిన మిగతావాళ్ల కాలేయం లోలోపలే పాడవుతుంది.

మరో జన్యువు గురించి కూడా చెప్పాలి. పీఎన్‌పీఎల్‌ఏ3లో ఒక మార్పు ఉన్నవాళ్ల కాలేయంలో కొవ్వు త్వరగా పేరుకుంటుంది, మచ్చలు పడటమూ ఎక్కువే. షుగరు, పొట్ట పెరిగిన కుటుంబాల్లో వైరస్ పోయినంత మాత్రాన కాలేయం గట్టెక్కినట్టు కాదు. మన దగ్గర పెళ్లిళ్లు తరతరాలుగా ఒకే కులంలో జరగటంతో కొన్ని జన్యు మార్పులు కొన్ని సమూహాల్లో గూడు కట్టుకున్నాయి. ఆపరేషన్‌లో కండరాలను వదులు చేయటానికి ఇచ్చే ఒక మందు పడకపోవటానికి కారణమైన మార్పు తెలుగు వైశ్యుల్లో ఎక్కువగా ఉండటం తెలిసిన ఉదాహరణే. సీసీఎంబీ శాస్త్రవేత్తలు పాల్గొన్న 2017 అధ్యయనం దక్షిణాసియాలో ఇలాంటి సమూహాలు ఎన్నో ఉన్నాయని చూపింది.

ఎంత మంచి జన్యువున్నా వైరస్ రాకుండా ఆపదు. ఒకసారి పోయినా మళ్లీ సోకొచ్చు, టీకా లేదు. మార్చని సూది, జాతరలో పచ్చబొట్టు పొడిచే సూది, అందరికీ వాడే గడ్డం కత్తి, డయాలసిస్.. ఇవన్నీ దారులే. వెనకటి రోజుల్లో రక్తం ఎక్కించుకున్నవాళ్లు ఒక్కసారైనా పరీక్ష చేయించుకోవాలి.

రిపోర్టులో ‘జీనోటైప్ 3’ అని ఉంటే కంగారు పడొద్దు. అది వైరస్ రకమే, మీ జన్యువు గురించి కాదు. మన దేశంలో ఎక్కువగా కనిపించేది అదే. ఇక సిరోసిస్ వచ్చాక వైరస్ పోయినవాళ్లు ఆరు నెలలకోసారి అల్ట్రాసౌండ్ స్కాన్ మానకూడదు. కాలేయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందే గానీ పూర్తిగా పోదు.