జెర్సీ ఇచ్చి ఫొటో దిగితే సరిపోతుందా?

"అమ్మా, రెండు వేలు కావాలె" అని మా అమ్మాయి అడిగిన రోజు నాకు బాగా గుర్తు. అప్పుడది ఎనిమిదో తరగతి. కోరుట్లలో మేముండే వీధిలో ఆడపిల్ల అంత డబ్బు అడిగిందంటే ట్యూషన్‌కో, పండుగ బట్టలకో అయ్యుంటుంది. ఇది మాత్రం జగిత్యాలలో ఫుట్‌బాల్ క్యాంపుకట! మూడు రోజులు. ఎక్కడో పెద్ద ప్రొఫెషనల్ మహిళా టీంతో తమకు "టై-అప్" ఉందని, బాగా ఆడితే ఆ టీం అకాడమీలోకి తీసుకుంటారని కాగితంలో రాసి ఉంది.

మా ఆయన దుబాయ్‌లో ఉంటారు. ఫోన్‌లో చెబితే కాసేపు మాట్లాడలేదు. "నువ్వు వెంట ఉంటవా?" అన్నారు చివరికి. ఉంటానన్నాను. మా అత్తమ్మ బీడీల చాట పక్కన పెట్టి "ఆడివిల్లకు బంతాటేందే? కాలిరిగితే ఎవలు చేసుకుంటరు?" అంది. అయినా వెళ్ళాం. సిరిసిల్ల నుంచి మా ఆడబిడ్డ తన కూతురిని కూడా పంపింది.

మొదటి రోజు టీ షర్టులు పంచారు. పెద్ద బ్యానర్, దాని ముందు ఫొటోలు. కోచ్‌లంతా మగవాళ్ళే. పిల్లలు బట్టలు మార్చుకోవడానికి చాటు లేకపోతే మేము నలుగురం తల్లులం చున్నీలు పట్టుకుని చుట్టూ నిలబడ్డాం. మూడో రోజు సర్టిఫికెట్ ఇచ్చి "ఫోన్ చేస్తాం" అన్నారు. రెండేళ్ళు దాటింది. ఆ టీ షర్టుతో ఇప్పుడు మేము స్కూటీ తుడుస్తున్నాం.

ఇది చెప్పుకుని ఎవరినో తిట్టాలని కాదు. పెద్ద టీం చిన్న టీం చేయి పట్టుకోవడం మంచి పద్ధతే. అమెరికాలో 2013లో మొదలైన మహిళల ప్రొఫెషనల్ లీగ్‌లోని టీంలు ఊళ్ళలోని బాలికల క్లబ్బులతో ఇలాంటి ఒప్పందాలు చేసుకుంటాయి. కాకపోతే అక్కడ తల్లిదండ్రులు వేల డాలర్లు ఫీజు కట్టి ఆడిస్తారు, ఆ లెక్క మనకు కుదరదు. స్పెయిన్‌లో బార్సిలోనా క్లబ్ వాళ్ళకు లా మాసియా అనే పేరున్న హాస్టల్ ఉంది. మగపిల్లలకు అది 1979లోనే తెరిచారు. ఆడపిల్లలకు అందులో మంచం దొరికింది 2021లో! అంత పెద్ద క్లబ్బుకే నలభై ఏళ్ళు పట్టిందంటే మన సంగతి వేరే చెప్పాలా?

అలాగని మన దగ్గర ఆడేవాళ్ళు లేరా అంటే, ఉన్నారు. కోరుట్ల నుంచి మెట్‌పల్లి, ఆర్మూర్ మీదుగా బస్సెక్కితే వచ్చే నిజామాబాద్ జిల్లాలో పుట్టిన గుగులోత్ సౌమ్యనే తీసుకోండి. గోకులం కేరళ టీంకు ఆడింది. 2022లో క్రొయేషియా వెళ్ళి డైనమో జాగ్రెబ్ క్లబ్బులో చేరింది. తర్వాత ఈస్ట్ బెంగాల్‌కు ఆడింది. ఆ టీం 2024-25లో ఇండియన్ విమెన్స్ లీగ్ గెలిచింది. ఆ ఏడాదికి దేశంలో ఉత్తమ క్రీడాకారిణిగా అఖిల భారత ఫుట్‌బాల్ సమాఖ్య ఆమెనే ఎంపిక చేసింది. మా ఇళ్ళలో పాస్‌పోర్టంటే గల్ఫ్‌కు పోయే మగవాళ్ళదే. బంతాట కోసం ఒక పిల్లకు పాస్‌పోర్టు అవసరమైందని చెబితే మా అత్తమ్మ నమ్మలేదు, ఫోన్‌లో ఫొటో చూపించాల్సి వచ్చింది.

కానీ చూడండి, ఆ పిల్ల పేరు తెచ్చుకున్నది కేరళలో, జాగ్రెబ్‌లో, కలకత్తాలో. 2024-25 లీగ్ పై డివిజన్‌లో ఆడిన ఎనిమిది టీంలలో తెలుగు రాష్ట్రాలది ఒక్కటీ లేదు. అంటే జగిత్యాల పిల్లకు "మా పెద్ద టీం" అని చూపించుకోవడానికి దగ్గర్లో ఎవరూ లేరు. ఎవరైనా చేయి పట్టుకోవాలంటే అది దూరపు చెయ్యే అవుతుంది. అందుకే అది ఎవరి చెయ్యి, ఎక్కడిదాకా వస్తుంది, ఎప్పుడు వస్తుంది అని మనం గట్టిగా అడగాలంటాను.

ఎప్పుడు అన్నదే నాకు అన్నిటికంటే ముఖ్యం. మా ఆడబిడ్డ కూతురి సంగతి చెప్తాను. మా అమ్మాయి కంటే అదే బాగా ఆడేది. ఇది తల్లిగా ఒప్పుకోవడం కష్టమే కానీ నిజం. ఎడమ కాలితో బంతి తీసుకుని పక్కకు తిరిగిందంటే ఎదుటి పిల్ల వెనకబడాల్సిందే. వాళ్ళ నాన్న మరమగ్గం మీద పని చేస్తాడు, మా ఆడబిడ్డ ఇంట్లో లంగాలు కుడుతుంది. తొమ్మిదో తరగతిలో పిల్ల పెద్దమనిషయింది. అంతే, ఆట బంద్. "గ్రౌండ్ల బాత్రూం లేదు, చీకటి పడ్డంక తీస్కొచ్చేటోళ్ళు లేరు, నేర్పేటాయన మగాయన. నేనేం జెయ్యాలె వదినా?" అని మా ఆడబిడ్డ అడిగితే నా దగ్గర జవాబు లేదు. లోకులు ఏమంటారో అన్న భయం కూడా ఉందనుకోండి. కానీ ముందు చెప్పిన మూడూ భయాలు కావు, లోట్లు. వాటిని డబ్బుతో, మనుషులతో తీర్చవచ్చు.

పెద్ద టీంలు వచ్చి చూసేది పదిహేడేళ్ళ పిల్లలను. మన పిల్లలు ఆట మానేసేది పదమూడు, పద్నాలుగేళ్ళకు! మధ్యలో ఉన్న ఆ మూడు నాలుగేళ్ళు ఎవరు చూస్తారు? వారానికి రెండు రోజులు సిరిసిల్లకు ఒక ఆడ కోచ్‌ను పంపి, ఆమె జీతం వాళ్ళే ఇచ్చి, సాయంత్రం పిల్లలను దింపడానికి ఒక ఆటో మాట్లాడితే ఎంతవుతుంది? ఆ బ్యానర్లకూ వేదికలకూ పెట్టిన ఖర్చుతో కొన్నాళ్ళు నడిచేది.

ఇలా నిలబడిన చోటు తెలుగు నేల మీదే ఉంది. అనంతపురంలో రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు ఒక స్పోర్ట్స్ విలేజ్ కట్టింది. అక్కడ ఆడపిల్లలకు కూడా ఫుట్‌బాల్ నేర్పుతారు. స్పెయిన్ లీగ్ లా లిగాకు చెందిన ఫౌండేషన్ వాళ్ళతో కలిసి పని చేసింది. అది టీం కాదు, లీగ్ తరఫు సంస్థ అనుకోండి, అయినా మనకు పాఠమే. స్పెయిన్ వాళ్ళు వచ్చేసరికి అక్కడేమీ ఖాళీ నేల లేదు. 1969 నుంచి ఊళ్ళలో బడులు, ఆసుపత్రులు నడిపి జనం నమ్మకం సంపాదించుకున్న సంస్థ ఉంది. పందిరి ఉంది కాబట్టి తీగ పాకింది. మన జగిత్యాల, సిరిసిల్ల 2016లో జిల్లా కేంద్రాలయ్యాయి. ఆఫీసులకు బోర్డులు మారాయి గానీ ఆడపిల్లల ఆటకు అలాంటి పందిరి నాకైతే ఇంకా కనబడలేదు.

ఇంకో మాట, ఇది చాలామందికి తెలియదు. ఒక మగపిల్లవాడు ప్రొఫెషనల్ అయితే, పన్నెండేళ్ళ వయసు నుంచి వాడికి ఆట నేర్పిన క్లబ్బులకు పరిహారం ఇవ్వాలని ఫిఫా నియమం. అదే నియమాల్లో 20వ అధికరణం కింద, ఇది మహిళల ఫుట్‌బాల్‌కు వర్తించదని రాసి పెట్టారు! ఎదుగుతున్న ఆటకు అడ్డం కాకూడదని అట్లా చేశారట. సరే, పెద్ద క్లబ్బులకు భారం తగ్గింది. మరి ఎండలో నిలబడి పిల్లకు మొదటిసారి బంతి తన్నడం నేర్పిన డ్రిల్లు టీచర్‌కో, చిన్న క్లబ్బుకో ఏం మిగిలింది? చట్టం ఇప్పించని దాన్ని ఒప్పందంలోనే రాయించుకోవాలి. పిల్ల పెద్ద టీంలో చేరితే మొదటి గ్రౌండ్‌కు ఇంత అని ముందే రాస్తే రేపు అదే గ్రౌండ్‌లో పది బంతులు కొనుక్కుంటారు.

డబ్బు మాట ఆడపిల్లల ఆటలో ఎందుకని కొందరు ముఖం చిట్లిస్తారు. లీగ్ పై డివిజన్ క్లబ్బులు ఒక్కొక్కటీ కనీసం పదిమంది మన దేశపు అమ్మాయిలకు ఏడాదికి 3.2 లక్షల రూపాయలకు తగ్గకుండా ఒప్పందం ఇవ్వాలని 2023లో సమాఖ్య నిర్ణయించింది. మగ ఆటగాళ్ళ లెక్కతో పోలిస్తే చాలా తక్కువ. బీడీలు చుట్టి నడుము విరగ్గొట్టుకున్న మా అత్తమ్మ మాత్రం ఆ అంకె విని "నెలకెంతవడ్తది?" అని వేళ్ళు లెక్కపెట్టింది. ఆ తర్వాత కాలిరగడం గురించి ఎత్తలేదు.

మొన్న మళ్ళీ ఒక కాగితం వచ్చింది. ఈసారి క్యాంపు సిరిసిల్లలో, టీం పేరు వేరు, ఫీజు మూడు వేలు. మా అమ్మాయి ఇప్పుడు పదో తరగతి. కాగితం వెనకాల పెన్సిల్‌తో నాలుగు మాటలు రాసుకుని కింద ఉన్న నంబరుకు ఫోన్ చేశాను. ఆడ కోచ్ ఉంటుందా, బట్టలు మార్చుకోవడానికి గది ఉందా, క్యాంపు అయ్యాక ఊళ్ళో ఎవరు నేర్పుతారు, ఆ టీంతో మీ ఒప్పందం కాగితం చూపిస్తారా అని అడిగాను. అవతలాయన కాసేపాగి "మేడం, ఇట్ల ఎవ్వరూ అడగలే" అన్నాడు. కనుక్కుని సోమవారం చెప్తానన్నాడు. ఈలోగా మా ఆడబిడ్డకు ఫోన్ చేసి, పిల్ల బూట్లు ఎవరికీ ఇచ్చేయొద్దని చెప్పాను.