వెల్లకిలా తిప్పిన మౌస్!

కంప్యూటర్ బల్ల మీద మానిటర్, కీబోర్డు, పక్కనే పిల్లల పుస్తకాలు, కాఫీ కప్పు... ఇక మౌస్ తిరగడానికి చోటెక్కడ? బాణం గుర్తు తెర చివరికి చేరేలోపే మౌస్ బల్ల అంచుకు వచ్చేస్తుంది. ఎత్తి వెనక్కి పెట్టడం, మళ్లీ జరపడం... గంటల తరబడి ఇదే వరస అయితే సాయంత్రానికి మణికట్టు, భుజం లాగేస్తాయి. ఈ అవస్థ తగ్గించుకోవాలంటే ట్రాక్‌బాల్‌ని ప్రయత్నించవచ్చు.

పాత మౌస్‌ల అడుగున ఓ బంతి ఉండేది, గుర్తుందా? ఆ మౌస్‌ని వెల్లకిలా తిప్పి బంతిని వేళ్లతో దొర్లించినట్టే ఇదీ. పరికరం ఉన్నచోటే ఉంటుంది. బంతి తిరిగితే తెరమీద బాణం కదులుతుంది. చెయ్యి ఆనేంత చోటుంటే చాలు.

మౌస్‌కి అన్న!

కొత్త వస్తువు అనుకునేరు! వయసులో ఇది మౌస్‌కి అన్న వరస. డగ్లస్ ఎంగెల్‌బార్ట్ బృందం తొలి మౌస్‌ని తయారుచేసింది 1964లో. అంతకుముందే, 1946లో బ్రిటిష్ నౌకాదళం రాడార్ పనుల కోసం రాల్ఫ్ బెంజమిన్ ఈ బంతి పరికరాన్ని కనిపెట్టారు. సైనిక రహస్యం కావడంతో బయటివారికి తెలియలేదు. తర్వాత కెనడా నౌకాదళం కోసం తయారైన ఇలాంటి పరికరంలో, పిన్నులను పడగొట్టే బౌలింగ్ ఆట బంతినే వాడేశారు! 1980లో అటారీ వారి 'మిసైల్ కమాండ్' వీడియోగేమ్‌లోనూ గురిపెట్టడానికి ట్రాక్‌బాలే ఆధారం.

ఏది ఎవరికి?

వీటిలో ప్రధానంగా రెండు రకాలు. బొటనవేలితో తిప్పేవి చూడటానికి మౌస్‌లాగే ఉంటాయి, త్వరగా అలవాటవుతాయి. కానీ భారమంతా ఆ ఒక్క వేలి మీదే. సెల్‌ఫోన్ నొక్కీ నొక్కీ బొటనవేలు ఇప్పటికే నొప్పెడుతుంటే ఇవి వద్దు. రెండో రకంలో పెద్ద బంతి మధ్యలో ఉంటుంది. రెండు మూడు వేళ్లు పని పంచుకుంటాయి. రెండువైపులా ఒకేలా ఉండే నమూనాలైతే ఎడమచేతి వాటం వారికీ నప్పుతాయి.

మొదట్లో బాణం చెప్పినమాట వినదు. మౌస్ సెట్టింగుల్లో వేగం తగ్గించుకుని, చెయ్యి కుదిరాక పెంచుకోండి. బటన్ నొక్కిపట్టి ఫైళ్లను లాగడం మాత్రం కాస్త కష్టమే. పాత మౌస్‌ని పారేయక్కర్లేదు. రెండూ ఒకేసారి తగిలించుకుంటే ఇంట్లో ఎవరికి నచ్చింది వాళ్లు వాడుకోవచ్చు.

బంతి బిగుసుకుపోతోందా? బయటికి తీసి పొడిగుడ్డతో తుడవండి. గుంటలో బంతి ఆనే చిన్నచిన్న బొడిపెల దగ్గర పేరుకున్న మురికినీ తీసేయండి. తీసిన బంతి పసిపిల్లల చేతికి అందకూడదు సుమా!

ఒక్కమాట... ఇది మందు కాదు. వేళ్లు తరచూ తిమ్మిరెక్కుతున్నా, నొప్పితో రాత్రి మెలకువ వస్తున్నా పరికరం మార్చి ఊరుకోకండి. డాక్టరుకి చూపించండి.