మూడు రోజుల్లో తగ్గితే అది వైద్యమేనా?

బాబా ఇచ్చిన విభూతితో జబ్బు తగ్గిందని ఎవరైనా అంటే మన హేతువాద మిత్రులు నాలుగు ప్రశ్నలు వేస్తారు. తగ్గిందని ఎలా తెలుసు? ఎంతకాలం తగ్గింది? దానంతటదే తగ్గేది కాదు గదా? తగ్గనివాళ్ల లెక్క ఎక్కడ? మంచి ప్రశ్నలు. కానీ అదే మిత్రులు మందుల దుకాణంలో చీటీ లేకుండా ఒక ట్యూబు కొని మొహానికి రాసుకునేటప్పుడు ఒక్క ప్రశ్న కూడా వేయరు. ట్యూబు మీద ఇంగ్లీషు అక్షరాలుంటే చాలు, అది సైన్సు! ఈ తప్పు చేసినవాళ్లలో నేనూ ఉన్నాను కాబట్టి రాస్తున్నాను.

సూరత్‌లోని లింబాయత్ ప్రాంతంలో, మరమగ్గాల పని కోసం తెలంగాణ నుంచి వచ్చి స్థిరపడిన తెలుగు కుటుంబాలు చాలా ఉన్నాయి. అలాంటి ఇంట్లో నాకు చెల్లెలి వరస అయిన ఒకామె ఉంది. నలభై అయిదేళ్లు ఉంటాయి. బుగ్గలూ ముక్కూ మంట, చిన్న చిన్న పొక్కులు. ఎండలోకి వెళ్లినా, పొయ్యి ముందు కూర్చున్నా ఎక్కువయ్యేది. "అన్నా, మొకానికి కారం రాసినట్టు మండుతుంది" అనేది. అత్తగారు దిష్టి అంది. పక్కింటివాళ్లు వేడి చేసిందన్నారు. ఇంకొకరు రక్తం చెడిందన్నారు. నేను నవ్వి, "ఇవన్నీ నమ్మకమ్మా, మందుల షాపులో అడుగు" అన్నాను.

షాపతను స్టెరాయిడ్, యాంటీబయాటిక్, ఫంగస్ మందు కలిపిన ట్యూబు ఇచ్చాడు. మూడు రోజుల్లో మొహం తేటపడింది. మూఢనమ్మకం మీద సైన్సు గెలిచిందనుకున్నాను. ట్యూబు ఆపితే వారంలో మంట మళ్లీ వచ్చేది, రాస్తే తగ్గేది. ఇలా ఏడాదిన్నర గడిచింది. చర్మం పలచబడి సన్నని నరాలు పైకి తేలాయి. కళ్లలో ఇసుక పడ్డట్టు ఉండేది. ఒక డాక్టరు మొటిమలన్నారు, ఇంకొకరు ఎలర్జీ అన్నారు. మూడోసారి చూసిన చర్మవైద్యురాలు అది రోజేషియా అనీ, స్టెరాయిడ్ వల్ల ముదిరిందనీ చెప్పారు.

ఇంత ఆలస్యం ఎందుకైంది? రోజేషియాను తేల్చే రక్తపరీక్ష లేదు. డాక్టరు మొహాన్ని శ్రద్ధగా చూడాలి, ఓపిగ్గా అడగాలి. మొటిమల్లో కనిపించే బ్లాక్‌హెడ్స్ ఇందులో ఉండవు. లూపస్ లోనూ బుగ్గలు ఎర్రబడతాయి కాబట్టి అది కాదని తేల్చుకోవాలి. చుండ్రు జాతి పొలుసులు కూడా మోసం చేస్తాయి. వీటన్నిటికీ మించి, పాఠ్యపుస్తకాల్లో దీని ముఖ్య లక్షణం ఎరుపు. ఆ బొమ్మలు తెల్లచర్మం వాళ్లవి. చామనఛాయ మొహంలో ఎరుపు దాగిపోతుంది, మంట మాత్రం దాగదు. ఇది తెల్లవాళ్ల జబ్బు అనుకుంటాం కాబట్టి వెతకం. వెతకం కాబట్టి దొరకదు. దొరకలేదు కాబట్టి మనకు లేదంటాం. ఇదేం తర్కం? జాతకాలు చెప్పేవాడి తర్కం కూడా ఇలాగే గుండ్రంగా తిరుగుతుంది.

స్టెరాయిడ్ చేసేదేమిటంటే, రక్తనాళాలను కుదిస్తుంది, వాపును అణిచిపెడుతుంది. ఆపగానే నాళాలు మునుపటికంటే ఎక్కువ విచ్చుకుంటాయి. ముప్పై ఏడేళ్లు రక్షణశాఖ లెక్కలు చూసినవాణ్ణి కాబట్టి నాకు ఇలా అర్థమైంది: తెచ్చిన అప్పును ఆదాయం పద్దులో రాస్తే ఆ ఏడాది పుస్తకం బ్రహ్మాండంగా కనిపిస్తుంది. వచ్చే ఏడాది వడ్డీతో సహా బయటపడుతుంది.

ఇది ఒక్క ఇంటి కథ కాదు. మన దేశంలో 12 చర్మవైద్య కేంద్రాల్లో జరిపి 2011లో ప్రచురించిన అధ్యయనంలో, మొహం మీద చర్మ సమస్యలతో వచ్చిన 2926 మందిలో 433 మంది, అంటే 14.8 శాతం, స్టెరాయిడ్ క్రీములు వాడుతున్నారు. వాళ్లలో సగానికి పైగా డాక్టరు కానివాళ్ల సలహా మీద వాడినవాళ్లే. నాలాంటి సలహాదారుల లెక్క అది! 2018 మార్చిలో కేంద్ర ప్రభుత్వం 14 స్టెరాయిడ్ పూతమందులను షెడ్యూల్ హెచ్‌లో పెట్టి చీటీ తప్పనిసరి చేసింది. మా వీధి చివర షాపులో ఇప్పటికీ ఎవరూ చీటీ అడగరు. 1994 సెప్టెంబరులో ప్లేగు వార్త రాగానే టెట్రాసైక్లిన్ కోసం షాపుల మీద పడిన ఊరు ఇది. అలవాటు పాతదే.

డాక్టరు దగ్గరికి వెళ్తే ఒక పూట కూలి పోతుంది, అందుకే పేదవాడు షాపుకే వెళ్తాడని మీరు అనవచ్చు. నిజమే. అతణ్ణి నేను తప్పుపట్టను. చదువుకుని, శాస్త్రీయ దృక్పథమని ఉపన్యాసాలిచ్చే మనకు ఆ సాకు లేదు. స్టెరాయిడ్ చెడ్డ మందనీ అనడం లేదు. వాడాల్సిన చోట అది ప్రాణాలు కాపాడుతుంది.

రోజేషియాకు శాశ్వత నివారణ లేదు, అదుపు ఉంది. మెట్రోనిడజోల్, అజెలాయిక్ యాసిడ్, ఐవర్‌మెక్టిన్ పూతమందులున్నాయి. తక్కువ మోతాదు డాక్సీసైక్లిన్ ఉంది. ఎండ నుంచి కాపాడుకోవాలి. ఫలితానికి వారాలు, ఒక్కోసారి నెలలు పడుతుంది. పైగా స్టెరాయిడ్ ఆపిన మొదటి వారాల్లో మొహం భయంకరంగా మండుతుంది. అప్పుడు రోగి, కొత్త డాక్టరే పాడుచేసిందని తిట్టుకుంటూ పాత ట్యూబు దగ్గరికి పోతాడు. నిజం చెప్పిన డాక్టరు దోషి, అబద్ధం చెప్పిన ట్యూబు దేవత! "పూర్తిగా పోదు, కానీ తగ్గిస్తాం" అనే మాట ఏ బాబా నోటా రాదు. ఆ మాట చెప్పగలిగే వైద్యాన్నే మనం నమ్మాలి.

ఆరు నెలలయింది. ఆమెకు మంట చాలావరకు తగ్గింది. ఎండాకాలంలో మళ్లీ వస్తుంది, తెలుసు. మొన్న సన్‌స్క్రీన్ మానొద్దని చెప్పబోతే, "ఈసారి ఎవర్నడిగి చెప్తున్నవ్ అన్నా?" అంది. ఆ ప్రశ్న ఆమె మొదటిసారే వేసి ఉంటే బాగుండేది. వేయడం నేర్పాల్సినవాణ్ణి నేనే.